గోడలు నిలిచినంత కాలం

జూలై 4, 1949. చిత్తూరు.

కోర్టు తాఖీదు వచ్చింది. మల్లెమిట్ట రాజావారికీ, మద్రాసులో ఉంటున్న ఆయన తమ్ముడికీ భాగాల వ్యాజ్యం. జమీందారీ రద్దు చట్టంతో ఊళ్ళు చేజారిపోతున్నాయి, పంచుకోవడానికి మిగిలింది రాజులుండే నగరు ఒక్కటే. దాన్ని కొలిచి, ఎప్పుడు ఎవరు కట్టించారో రాసి, విలువ కట్టి నెలలోగా రిపోర్టు ఇమ్మని జడ్జిగారు నన్ను కమిషనర్‌గా వేశారు. జిల్లా బోర్డులో ఇంతమంది ఓవర్సీర్లుండగా నా పేరే ఎక్కడ దొరికిందో ఆ కోర్టు గుమాస్తా మహానుభావుడికి!

తిరుమలమ్మకు ఒకటే సంబరం. "రాజుల నగరు సూసేదానికి పోతా ఉండారా! మల్లెమిట్ట యాడుండాదండీ?" అంది.

"కార్వేటినగరం దాటినాక యాడో. నాకూ తెల్దు" అన్నాను.

పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. నేను వేలూరు మిషన్ బడిలో పెరిగిన అనాథనని, నా వాళ్ళందరూ కలరాలో పోయారని ఆమెకు చెప్పాను. నమ్మింది. ఏటా పెద్దల అమావాస్యకు నా వాళ్ళ పేరున ఇద్దరికి అన్నం పెడుతుంది కూడా.

ఈ పుస్తకానికైనా అబద్ధం చెప్పకూడదు. నేను పుట్టింది ఆ నగరులోనే.

జూలై 5

ఒంట్లో బాగాలేదు, వేరొకరిని వేయండని అర్జీ రాశాను. రాసి చించేశాను.

జూలై 9. మల్లెమిట్ట.

బస్సు దిగేసరికి పది. టేపు రెండో కొస పట్టుకోవడానికి చెంగయ్యను వెంట తెచ్చుకున్నాను. ముసలి మేస్త్రి, ఇరవై ఏళ్ళుగా నా పనుల్లో ఉన్నవాడు. నోరు ఎక్కువ, కళ్ళు ఇంకా ఎక్కువ.

సింహద్వారం దగ్గర సంస్థానం గుమాస్తా పెంచలయ్య ఎదురొచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. చిన్నప్పుడు జామకాయలు దొంగిలించానని నా చెవి మెలిపెట్టిన చెయ్యి అదే. "దయచెయ్యండి ఓవర్సీరు సామీ" అని నమస్కారం పెట్టాడు. గుర్తు పట్టలేదు. ఎలా పడతాడు? మీసం, కోటు, టోపీ, ముప్పై నాలుగేళ్ళు.

సింహద్వారంలోంచి లోపలికి అడుగు పెట్టడం నా జన్మలో ఇదే మొదటిసారి. ఇక్కడ పన్నెండేళ్ళు బతికి కూడా ఆ గడప తొక్కలేదు.

రాజావారు మిద్దె మీద వసారాలో పేము కుర్చీలో కూర్చుని ఉన్నారు. కుర్చీ అల్లిక తెగి వేలాడుతోంది. ఆయన నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అదే ముక్కు. అద్దంలో రోజూ చూసే ముక్కే.

"ఎంత పలకతాది ఓవర్సీరూ?"

"కొలవాల కదండీ."

"కొలతల్లో ఏముండాది? ఇవి ఉత్త గోడలు గావు. మా రక్తముండాది ఈ గోడల్లో."

నాదీ ఉంది దొరా, అనాలనిపించింది. "రాసుకుంటానండీ" అన్నాను.

జూలై 10

పెద్ద మహలు కొలత పూర్తి. మూడు అంతస్తులు. డెబ్బై మూడేళ్ళ కిందటి ధాత కరువులో రాజావారి తాతగారు కట్టించారు. చరిత్ర పెంచలయ్య చెబుతుంటే రాసుకున్నాను.

"పున్యానికి కట్టించినారు సామీ. కరువులో జనం బతకాల అని."

"కూలి ఎంత?"

"గంజి. మొగోడికి రెండు ముంతలు, ఆడమనిసికి ఒగ ముంత."

"పనిలో ఎంతమంది చచ్చినారు?"

ముసలాయన నా ముఖం చూశాడు. "దానికి మీ కాగితంలో గడి ఉండాదా సామీ?"

లేదు. కట్టుబడి ఖర్చు గడి ఉంది, వయస్సు గడి ఉంది, అరుగుదల గడి ఉంది. గంజికి ఏ రేటు వేయాలో మా బోర్డు రేట్ల పుస్తకంలో లేదు. ఇప్పటి కూలి రేటే వేశాను. ఎనభై నాలుగు వేలు తేలింది మహలుకు. చచ్చినవాళ్ళందరూ లెక్కలో బతికి కూలి తీసుకున్నట్టే.

పడమటి వరుస రేపు.

జూలై 11

వీటిని ఏనాడూ కాగితం మీద పెట్టలేదు. ఒకసారి పెట్టేస్తే పీడ వదులుతుంది.

పెద్ద మహలుకు పడమట, వంటశాల వెనక, ఎనిమిది గదుల వరుస. దాన్ని ఆడపాపల వరుస అంటారు. రాణి కాపురానికి వచ్చేటప్పుడు పల్లకీ వెనక పుట్టింటి నుంచి నలుగురైదుగురు ఆడపిల్లల్ని పంపుతారు, పెట్టెలూ బిందెలూ పంపినట్టే. వాళ్ళకు పెళ్ళిళ్ళు లేవు. రాజావారి కత్తితో తాళి కట్టించి అయిందనిపిస్తారు. బిడ్డలు పుడతారు. బిడ్డలకు ఇంటిపేరు లేదు. సింహద్వారం రాజబంధువులది, ఆడపాపలు దాన్ని దాటకూడదు. వాళ్ళకు పడమటి వాకిలి ఉంది, కాని అది శవానికే తెరుస్తారు.

మా అమ్మ ఆ వాకిట్లోంచే పోయింది, నాకు నాలుగేళ్ళప్పుడు. నన్ను పెంచింది అక్క. కుప్పమ్మ. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. పదహారేళ్ళకు అక్కనూ కత్తికి కట్టారు, కొత్త రాణి ఆడపాపల్లో ఒకరు తక్కువయ్యారని. నాకు పన్నెండేళ్ళు వచ్చి గుర్రాలశాల పనికి పెట్టబోతుంటే, వంటశాల బూడిద తోసే కంతలోంచి నన్ను బయటికి నెట్టింది. "పో. మళ్ళా ఈ తట్టు సూడబాకు" అంది. బూడిద కళ్ళలో పడి ఏమీ కనపడలేదు. ఆమె మాట విన్నాను. బాగా విన్నాను. ఒక కార్డు ముక్క కూడా రాయలేదు.

వరుసలో ఇప్పుడు ముగ్గురే. అక్కమ్మ, మంచం పట్టిన గంగులమ్మ, చివరి గదిలో అక్క. రెండు కళ్ళలోనూ పొర. గోడ తడుముకుంటూ వచ్చింది.

"ఎవురు?"

"ఇల్లు కొలిచేదానికి చిత్తూరు నించి ఓవర్సీరు వచ్చినాడు" అంది అక్కమ్మ.

అక్క కాసేపు నిలబడింది. తర్వాత "కొలుసుకోనీ" అని లోపలికి పోయింది.

గుర్తు పట్టలేదు. కళ్ళు కనపడవు కదా. నేను ఎక్కువ మాట్లాడలేదు, గొంతు కూడా తగ్గించాను. చెంగయ్య అడిగాడు, "ఏం సార్, గొంతు పట్టుకున్నాదా?" అని.

మధ్యాహ్నం కొలతలు రాసుకుంటుంటే అక్క ఒక సత్తు పళ్ళెం తెచ్చి నా పక్కన పెట్టింది. "ఎండకు వచ్చినారు. తినండయ్యా." రాగి సంగటి, గోంగూర పచ్చడి. సంగటి పక్కన కుండ అడుగు మాడు, పెద్ద పలక. చెంగయ్య పళ్ళెంలో మాడు లేదు.

చిన్నప్పుడు నేను మాడు కోసం ఏడ్చేవాణ్ణి. అక్క వంటశాల వాళ్ళ కాళ్ళు పట్టుకుని అడిగి తెచ్చేది.

మాడు ఇంకెవరికైనా ఇష్టమై ఉండవచ్చు. ఎవరొచ్చినా పెడుతుందేమో. కొంచమే ఉండి నాకు పెట్టిందేమో.

పళ్ళెం ఖాళీ చేశాను.

జూలై 12

చెంగయ్య నిచ్చెన వేసి మొదటి గది దూలం చూశాడు. డెబ్బై ఏళ్ళ వంటశాల పొగ, వేలు మందం మసి. కత్తితో గీకాడు. గీకి నన్ను పిలిచాడు. గొంతు మారిపోయింది.

"సార్, ఎక్కి సూడండి. బిన్నా రండి."

మసి కింద ఎర్రగా ఉంది, ముదురు ఎరుపు. కొట్టి చూస్తే కంచులా మోగింది.

"సందనం సార్! ఎర్రసందనం. ముప్పై రెండు దూలాలు, అన్నీ ఇదే. ఓరి దేవుడా, దొరసానులు పండుకునే తట్టు టేకంట, దాసీలు పండుకునే తట్టు సందనమంట!"

ఎందుకో నాకు తెలుసు. ఆ రోజుల్లో టేకు బర్మా నుంచి ఓడలో వచ్చేది, అది గొప్ప. చందనం వెనక కొండల్లో కొట్టుకొచ్చే నాటు కట్టె. ఆడపాపలకు ఇదే చాల్లే అనుకున్నారు. ఇప్పుడు ఈ ముప్పై రెండు దూలాల ధర పెద్ద మహలు మొత్తం కట్టెకు వచ్చే ధర కంటే ఎక్కువ.

అంటే ఇది తెలిసిన రోజున ఈ వరుసను నిలబడనివ్వరు.

"నోరు మూసుకోని దిగు" అన్నాను చెంగయ్యతో.

"నేనేమన్నాను సార్?"

"ఏమీ అనబాక. అది వేప."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "వేపేలే సార్" అన్నాడు. మళ్ళీ మసి పూసి దిగాడు.

జూలై 13

ఆ ముగ్గురూ ఏ హక్కు మీద ఉంటున్నారని పెంచలయ్యను అడిగాను, మామూలుగా అడిగినట్టు. పెట్టెలోంచి ఒక కాగితం తీశాడు. చనిపోయిన పెద్ద రాణిగారు రాసింది, ముద్ర ఉంది. ఆడపాపల వరుస గోడలు నిలిచినంత కాలం, తమతో వచ్చినవారూ వారి బిడ్డలూ అందులో కాపురముండవచ్చు, ఎవరూ కదిలించరాదు.

"గోడలు నిలిచినంత కాలం" అని రెండుసార్లు చదివాను.

గోడలు నిలవాలంటే వాటి జోలికి ఎవరూ రాకూడదు. ఎవరూ రాకూడదంటే అందులో ఏమీ లేదనిపించాలి. ఇంత చిన్న సంగతి.

జూలై 15

ఈ రోజు తిరుగు ప్రయాణం. పొద్దున్నే ఒక్కణ్ణే వరుస వైపు పోయాను. ఒక కొలత మిగిలిందని చెప్పి. ఏ కొలతా మిగల్లేదు.

అక్క గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది, వేళ్ళతోనే రాళ్ళు పట్టుకుంటోంది. నా అడుగుల చప్పుడుకు తల ఎత్తలేదు.

"కూర్సోండి ఓవర్సీరయ్యా."

కూర్చున్నాను. తనే అడిగింది. "మీకు ఇల్లూ వాకిలీ ఉండాదా?"

"ఉండాది. చిత్తూర్లో, మిట్టూరులో."

"బిడ్లు?"

"ఒగ కూతురు. పెద్ద సదువు సదవతా ఉండాది."

"మంచిది, మంచిది" అంది. చేతులు బియ్యంలో ఆగిపోయాయి. "మంచిది" అని మళ్ళీ అంది.

తర్వాత అడిగింది, "ఈ ఇల్లు అమ్మేస్తారంటనే?"

"అమ్మితే అమ్మనీ. మీరు యాడికన్నా పోయి ఉండగూడదా? సత్రాలుండాయి, మిషన్ వాళ్ళ ఇండ్లుండాయి."

నవ్వింది. "యా వాకిట్లో నించి పోయేది? సింహద్వారం నాది గాదు. పడమటి వాకిలి బతికినోళ్ళది గాదు. బూడిద కంత ఒగటుండేది, దాన్నీ మూసేసినారు."

బూడిద కంత అని ఎందుకంది? మాట వరసకు అని ఉంటుంది.

"ఏం బయపడబాకండి" అన్నాను. గొంతు తగ్గించడం మరిచిపోయాను. "నేను రాసే కాగితంతో ఈ వరుస జోలికి ఎవురూ రారు. నాది పూచీ."

"మీరు రాస్తారా?"

"నేనే రాస్తాను."

"అయితే సరే. ఇంగ నాకు బయం ల్యా" అంది. చేటలోంచి చెయ్యి తీసి గాలిలో ఎత్తింది, నా తల ఉండే ఎత్తుకు. ఏమనుకుందో, మళ్ళీ చేటలో పెట్టేసింది.

చెప్పి ఉంటే ఏం పోయేది? ఒక్క మాట. అక్కా అని. చుట్టూ ఎవరూ లేరు కూడా.

బస్సుకు వేళయింది. వచ్చేశాను.

జూలై 24. చిత్తూరు.

రిపోర్టు రాస్తున్నాను. పెద్ద మహలు, గుర్రాలశాల, కచేరీ సావడి అయిపోయాయి. పడమటి వరుస దగ్గర ఆగింది.

చంద్రగిరి మహలు మరమ్మతులకు రెండు నెలలు అక్కడ ఉన్నాను, ముప్పై తొమ్మిదిలో. మూడు అంతస్తుల్లో కట్టె అన్నదే వాడలేదు, అంతా రాయీ గచ్చూ. రాజులు పోయారు, నవాబులు పోయారు, దొరలూ పోయారు, అది నిలబడే ఉంది. పీక్కుపోవడానికి ఏమీ లేకపోబట్టి. ఈ వరుసకూ అదే దారి.

రాశాను: "పడమటి వరుస, ఎనిమిది గదులు. దూలములు నాటు వేప, చెద తిన్నవి. గోడలు బీటలు వారి, నిలువు తప్పినవి. శిథిలము. నివాసమునకు పనికిరాదు. విలువ: ఏమియు లేదు."

ఇరవై రెండేళ్ళ సర్వీసులో తప్పు కొలత రాసింది లేదు. ఇదే మొదటిది.

నివాసంలో ఉన్నవారి పేర్లు అనే గడి ఉంది. అందులో రాశాను: ముగ్గురు వృద్ధ స్త్రీలు. పేర్లు రాయలేదు. పేర్లు అనవసరం.

ఆగస్టు 2

దాఖలు చేశాను.

ఆగస్టు 20

కోర్టు వరండాలో రాజావారి వకీలు రాజారత్నం నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"ఓవర్సీరూ, నీ రుణం తీర్సుకోలేం! ఆ ముసిలోళ్ళను ఎట్ల కదిలించాల అని రెండేండ్లుగా తల బద్దలు కొట్టుకుంటా ఉండాము. రాణిగారి కాగితం ఉండాది గదా. వరుస బాగుండాదని రాసుంటే, బతికినన్నాళ్ళూ ఉంటారు, కొనేవోడు కూడా ఒప్పుకోవాల్సిందే. గోడలు నిలిచినంత కాలమని రాణి రాసింది. గోడలు నిలిచి లేవని నువ్వు రాసినావు. ఇంగేముండాది హక్కు?"

నేను నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు. ఆయన నవ్వుతున్నాడు కాబట్టి నవ్వాను.

శిథిలము, నివాసమునకు పనికిరాదు. ఈ ముక్క ఎన్ని ఇళ్ళకు రాశాను! రాసిన తర్వాత ఆ ఇళ్ళు ఏమయ్యాయో నాకు తెలియదా? నోటీసు ఇస్తారు, పడగొడతారు. నేనే దగ్గరుండి పడగొట్టించాను కొన్నిటిని. ఆ రోజు కలం పట్టుకున్నప్పుడు ఇది తోచలేదంటే ఎవరు నమ్ముతారు? నేను నమ్ముతున్నాను. తోచలేదు.

సెప్టెంబరు 3

ఉత్తర్వు వచ్చింది. ప్రమాదకరమైన శిథిల భాగాన్ని ముందుగా తొలగించి, కట్టె ముక్కలు వేలం వేయవచ్చునట.

జడ్జిగారి దగ్గరికి పోయి నిజం చెప్పాలి. ఎందుకు అబద్ధం రాశావంటారు. ఎవరి కోసమంటారు. ఆ ముసలమ్మ నీకేమవుతుందంటారు. పేష్కారు ఉంటాడు, బంట్రోతులుంటారు, సాయంత్రానికి చిత్తూరంతా తెలుస్తుంది. ఉద్యోగం పోతే పోనీ. తిరుమలమ్మ వాళ్ళ అన్నలు ఏమంటారు? దాసీ కొడుక్కు పిల్లనిచ్చామా అంటారు.

సెప్టెంబరు 4

రేపు పోతాను.

సెప్టెంబరు 11

ఈ వారమంతా చెరువు కట్టల తనిఖీ. సోమవారం పోతాను.

సెప్టెంబరు 19

సోమవారం. జ్వరం.

జ్వరం నిజంగానే ఉంది. తిరుమలమ్మ చెయ్యి పెట్టి చూసింది.

అక్టోబరు 12

వేలం అయిపోయింది. మద్రాసు కలప వ్యాపారి సుబ్రమణ్యం అనే ఆయన పాడుకున్నాడు. మూడు వందల పది రూపాయలు. చెంగయ్య ఏదో పని మీద పుత్తూరు వరకు వెళ్ళి, వేలం దగ్గరికీ పోయి చూసి వచ్చాడు.

"ఆయప్ప దూలం మీద ఎంగిలి రాసి, గోరుతో గీకి, వేలు నాకి సూసినాడు సార్. సూసి నవ్వుకున్నాడు. మీ రిపోర్టు సేతిలో పెట్టుకోనే సూసినాడు. సందనానికి సెద పట్టేది నేనెప్పుడూ సూడలా అన్నాడు."

"ఇంకేమన్నాడు?"

"ఎవురికీ సెప్పకు అన్నాడు నాతో. మీరూ అదే సెప్పినారు." చెంగయ్య తలపాగా విప్పి దులుపుకున్నాడు. "ఎంత తీసుకున్నారు సార్, ఆయప్ప దగ్గిర?"

ఇరవై ఏళ్ళు నా టేపు కొస పట్టుకున్నవాడు అడిగిన మాట ఇది. కొట్టబోయాను. చెయ్యి లేవలేదు.

అక్టోబరు 24

మూడు రోజులుగా వాన. వానలో పడగొట్టే పని ఆపుతారు. ఎవరైనా ఆపుతారు. వాన వెలిశాక నేరుగా పోయి అక్కను తీసుకొస్తాను. తిరుమలమ్మకు పనిమనిషి అని చెబుతాను.

పనిమనిషి అని రాశాను. కొట్టేయను, ఉండనీ.

అక్టోబరు 27

పెంచలయ్య తంతి. కుప్పమ్మ పోయింది. వెంటనే రావలెను.

నాకెందుకు ఇచ్చాడు తంతి?

అక్టోబరు 28. మల్లెమిట్ట.

ఇప్పుడు రాయకపోతే ఎప్పటికీ రాయలేను. చెంగయ్య తనంతట తనే వెంట వచ్చాడు.

సింహద్వారం ముందు రెండు లారీలు. ముప్పై రెండు దూలాలు తీసి పేర్చారు. వానకు మసి కరిగి కిందికి పోయింది. ఎర్రగా, మచ్చ లేకుండా, నిన్న చెక్కినట్టున్నాయి. ఇంకో రెండు వందల ఏళ్ళు నిలిచేవి.

పడగొట్టేవాళ్ళు వానలోనే పని చేశారు, వ్యాపారికి లారీల బాడుగ పెరుగుతుందని. మొదటి గది నుంచి ఒక్కో గది దూలాలు తీస్తూ వచ్చారు. అక్కమ్మనూ గంగులమ్మనూ ముఖాలకు ముసుగులు కప్పి సింహద్వారం పక్కన లోపలి గోశాలకు మోసుకుపోయారట. ఏడ్చారట, వరుస గడప దాటుతున్నందుకు. అక్క కదల్లేదు. మూడుసార్లు పిలిచారు. ఏడో గది దూలాలు లాగేసరికి నానిన నడిమి గోడ ఎనిమిదో గదిలోకి కూలింది.

గోశాలలో చాప మీద పడుకోబెట్టారు. ముఖానికి దెబ్బ తగల్లేదు. జుట్టులో సున్నం. నేను కూర్చుని తుడిచాను. ఎవరు చూస్తే నాకేం?

గ్రామ మునసబు పుస్తకం తీశాడు. "ఈమె తాలూకు మనుసులు ఎవురన్నా ఉండారా? లేకుంటే అనాథ అని రాసుకుంటా."

"తమ్ముడుండాడు" అన్నాను. "నేనే."

ఎవరైనా ఆశ్చర్యపోతారనుకున్నాను. మునసబు రాసుకున్నాడు. అక్కమ్మ చూడనేలేదు. పెంచలయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. అదే చెయ్యి.

"తెలుసు నాయినా. మునెయ్య గదా నువ్వు. మొదటి దినమే తెలుసు."

"నీకా?"

"నాకు ఆయమ్మే సెప్పింది. నువ్వు వాకిట్లో అడుగు పెట్టినప్పుడే కనుక్కున్నాదంట, అడుగుల సప్పుడులో. మాయందర్నీ పిలిసి ఒట్టు పెట్టించుకునింది. 'నా తమ్ముడు పెద్ద ఉద్యోగస్తుడు అయినాడు. ఈడ పుట్టినాడని తెలిస్తే వాని మర్యాద పోతాది. తెలీనట్టే గమ్మునుండండి' అని. నువ్వు పోయినాక ఆ పళ్ళెం కడగలా, రెండు దినాలు."

"మొన్న నేనే పోయి బతిమాలినాను, బయటికి రామ్మా, గోడ ఒరుగుతాండాది అని. ఆయమ్మ నవ్వింది. 'మా మునెయ్య పూచీ పడినాడు పెంచలయ్యా. కాగితం వాడే రాసినాడు. ఈ గోడలకేం గాదు, నువ్వు పో' అనింది."

రాసినాడు. వాడే రాసినాడు. ఏమి రాశానో ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదు.

శవాన్ని తీసుకుపోవాలి. పడమటి వాకిలి మీద గోడ మొత్తం పడి ఉంది, మనిషెత్తు మట్టి. ఆమెకున్న ఒక్క వాకిలి, అదీ మూసుకుపోయింది. నాలుగు గంటలు పడుతుంది ఎత్తడానికి అన్నారు కూలీలు.

"సింహద్వారం తెరవండి" అన్నాను.

రాజావారు మిద్దె మీద నిలబడి ఉన్నారు. "ఆ వాకిట్లో నించా? ఆనవాయితీ గాదు ఓవర్సీరూ."

అప్పుడు అరిచాను. ముప్పై నాలుగేళ్ళది ఒక్కసారిగా వచ్చింది. "యా ఆనవాయితీరా నీది? నా తండ్రీ నీ తండ్రీ ఒగడే గదరా! ఆయమ్మ నీకూ అక్కే. దిగిరా, దిగొచ్చి ఓ కొస పట్టు!"

ఆయన దిగలేదు. లోపలికీ పోలేదు. ఆ ముక్కు, ఆ ముఖం అలాగే నిలబడి ఉన్నాయి. పెంచలయ్య పోయి రెండు తలుపులూ బార్లా తెరిచాడు.

పాడె ఒక కొమ్ము నేను, ఒకటి చెంగయ్య, మిగతా రెండూ కూలీలు పట్టారు. చెంగయ్య నన్ను ఏమీ అడగలేదు. దూలాల పక్కనుంచే పోయాము.

కొరివి నేనే పెట్టాను. మా అమ్మను పెట్టిన చోటికి పక్కనే అన్నాడు పెంచలయ్య. గుర్తేమీ లేదు అక్కడ. ఆయన మాటే నమ్మాలి.

అక్టోబరు 29

జడ్జిగారికి రాసి టపాలో వేశాను. నా రిపోర్టులో పడమటి వరుసను గురించిన ప్రతి మాటా అబద్ధమని, దూలాలు ఎర్రచందనమని, గోడలు నిలువు తప్పలేదని. నివాసంలో ఉన్నవారి పేర్లు గడిలో రాయకుండా వదిలినవి రాశాను: అక్కమ్మ, గంగులమ్మ, కుప్పమ్మ. కుప్పమ్మ పక్కన, కమిషనర్ సోదరి అని రాశాను.

గోడలు లేవు. లారీలు మద్రాసు చేరి ఉంటాయి. ఎవరికి పనికొస్తుంది ఇది? నాకు కూడా కాదు.

అక్టోబరు 30. చిత్తూరు.

ఇంటికి వచ్చి వాకిట్లోనే నిలబడి తిరుమలమ్మను నీళ్ళు తోడమన్నాను. తల మీద పోసుకుంటుంటే చూసింది, తల గొరిగించుకున్నది చూసింది.

"ఎవురికండీ మైల?"

"మాయక్కకు."

చెంబు కింద పెట్టేసింది. "మీకు అక్క యాడుండాది?"

"మొన్నటిదాకా ఉండేది" అన్నాను.